అప్‌డేట్ తర్వాత స్మార్ట్ లైట్లు పలకడం లేదా? రీసెట్ కొట్టే ముందు ఇవి చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో సొంత ఇల్లు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంట్లో స్మార్ట్ పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది (ఇకపై దీన్నే హబ్ అంటాను). దానికి ఒక జిగ్‌బీ డాంగిల్, అంటే జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో బల్బులతో మాట్లాడే యూఎస్‌బీ పరికరం, ఉంది. హాలు, వంటిల్లు, నడవాలో జిగ్‌బీ బల్బులు. బెడ్‌రూముల్లో స్విచ్‌బోర్డు వెనక వైఫై మాడ్యూళ్లు. చాలాకాలంగా పెండింగులో ఉన్న అప్‌డేట్లన్నీ ఆదివారం రాత్రి ఒకేసారి నొక్కారు. తెల్లారేసరికి హాలు, వంటిల్లు, నడవా లైట్లు యాప్‌లో ‘అన్‌అవైలబుల్’ అంటున్నాయి. గోడ స్విచ్ వేస్తే మాత్రం వెలుగుతున్నాయి. బెడ్‌రూములవి బాగానే ఉన్నాయి. రాత్రి నాన్నగారు లేచినప్పుడు దానంతటదే వెలగాల్సిన నడవా లైటు వెలగడం లేదు. ఎలక్ట్రీషియన్ చూసి, ‘అన్నీ రీసెట్ కొట్టి మళ్లీ మొదట్నుంచి కలిపేద్దాం’ అన్నారు. అలా చేయమంటారా అని అడిగారు.

వద్దండి. ముందు నాన్నగారి సంగతి చూడండి. ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా అర వాట్ ఎల్‌ఈడీ నైట్ ల్యాంపు దొరుకుతుంది. ఈ రోజే తెచ్చి నడవాలో ప్లగ్గుకి పెట్టేయండి. అసలు లైటు బాగయ్యాక కూడా దాన్ని తీయకండి. నేను విజయవాడ, తాడేపల్లి, గుంటూరు వైపు ఇళ్లకి ఈ ఆటోమేషన్ పనులు చేస్తుంటాను. పెద్దవాళ్లున్న ఇంట్లో నడవా, మెట్లు, బాత్‌రూము, ఈ మూడు చోట్ల వెలుతురు కేవలం సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేలా నేను ఎప్పుడూ అమర్చను. హబ్ ఆగినా, నెట్ పోయినా, అక్కడ లైటు ఉండి తీరాలి.

ఇక రీసెట్ ఎందుకు వద్దంటున్నానంటే, మీ బల్బులు ఇప్పటికీ మీ నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. ప్రతి జిగ్‌బీ బల్బులోనూ ఆ నెట్‌వర్క్ తాళంచెవి, అంటే నెట్‌వర్క్ కీ, భద్రంగా ఉంటుంది. హబ్ పక్క లోపం సరిచేయగానే అవి వాటంతటవే పలుకుతాయి. రీసెట్ కొడితే ఆ కీ చెరిగిపోతుంది, గ్రూపులు పోతాయి, రిమోట్‌తో నేరుగా జత చేసినవి పోతాయి. పైగా అసలు లోపం హబ్‌లో అలాగే ఉంటుంది కాబట్టి కొత్తగా కలపబోయినా కలవవు. అప్పుడు రెండు సమస్యలవుతాయి. ఇంట్లో అందరికీ ఇంకో మాట చెప్పండి. చాలా బల్బులు స్విచ్‌ని ఐదారుసార్లు వెంటవెంటనే ఆన్, ఆఫ్ చేస్తే రీసెట్ అయిపోతాయి. లైటు పలకడం లేదన్న విసుగులో ఎవరూ స్విచ్ టపటపా కొట్టకూడదు.

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క ‘బెడ్‌రూములవి బాగానే ఉన్నాయి’ అన్నది. అప్‌డేట్ తర్వాత ఏ లైట్లు పోయాయి అన్నదానికంటే, పోయినవాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి అన్నది ముందు చూడాలి. మీ ఇంట్లో పోయినవన్నీ జిగ్‌బీవి, నిలబడినవన్నీ వైఫైవి. అంటే హోమ్ అసిస్టెంట్ బాగుంది, రౌటర్ బాగుంది, బల్బులు బాగున్నాయి. అన్ని బల్బులూ ఒకే రాత్రి కాలిపోవు కదా. మిగిలింది డాంగిల్, దాన్ని నడిపించే జిగ్‌బీ టు ఎంక్యూటీటీ ప్రోగ్రామ్, ఈ రెండిటి మధ్య దారి. ముందు వెతకాల్సిన చోటు అదే. ఇదే ఒక్క కంపెనీ లైట్లు మాత్రమే పోయి ఉంటే, అవి వైఫైవైనా సరే, ఆ కంపెనీ ఇంటిగ్రేషన్‌నీ, అంటే ఆ లైట్లని హోమ్ అసిస్టెంట్‌కి కలిపే భాగాన్నీ, లాగిన్‌నీ అనుమానించాలి. ఒక్క గదిలోవి పోతే ఆ గది కరెంటు, ఎంసీబీ (బోర్డులోని ట్రిప్ స్విచ్చు) చూడాలి. ఒక్క లైటే పోతే అప్పుడు మాత్రమే ఆ లైటు జోలికి వెళ్లాలి.

ఇప్పుడు పని. హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో యాడ్-ఆన్స్‌కి (కొత్త వెర్షన్లలో దీని పేరు యాప్స్) వెళ్లి, జిగ్‌బీ టు ఎంక్యూటీటీ తెరిచి, లాగ్ అన్న పేజీ, అంటే ప్రోగ్రామ్ తను చేసింది వరసగా రాసుకునే చోటు, చూడండి. కింద నుంచి పైకి కాదు, ప్రోగ్రామ్ స్టార్ట్ అయిన చోటు నుంచి కిందికి చదవండి. ఒక ఎర్రర్ వస్తే దాని వెనక పది వస్తాయి. మనకు కావాల్సింది మొదటిది. మీ విషయంలో నేను ఎక్కువగా అనుమానిస్తున్నది ఈ లైను: ‘యూఎస్‌బీ అడాప్టర్ డిస్కవరీ ఎర్రర్, నో వ్యాలిడ్ యూఎస్‌బీ అడాప్టర్ ఫౌండ్’. దాని పక్కనే అడాప్టర్, పోర్ట్ సరిగ్గా రాయమని కూడా ఉంటుంది. జిగ్‌బీ టు ఎంక్యూటీటీ 2.0 వెర్షన్ 2025 జనవరిలో వచ్చింది. పాత 1 సిరీస్‌లో చాలా డాంగిళ్లని ప్రోగ్రామే గుర్తుపట్టేసేది, మనం పోర్ట్ ఒక్కటి రాస్తే చాలు. 2.0 నుంచి అది ఏ రకం డాంగిలో చాలా సందర్భాల్లో మనమే చెప్పాలి. మీరు చాలాకాలం అప్‌డేట్ చేయకుండా ఉండి ఒక్కసారిగా దూకారు కాబట్టి ఇక్కడే తట్టుకుని ఉండాలి.

సరిచేయడం కష్టమేం కాదు. కాన్ఫిగరేషన్‌లో సీరియల్ అన్న విభాగం ఉంటుంది. అందులో పోర్ట్ లైను కింద అడాప్టర్ అన్న లైను చేర్చాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న డాంగిల్ అయితే జెడ్‌స్టాక్ అని, సిలికాన్ ల్యాబ్స్ చిప్ అయితే ఎంబర్ అని రాయాలి. ఇంగ్లీష్‌లో, అన్నీ చిన్న అక్షరాల్లో. మన దగ్గర ఎక్కువమంది కొనే సోనాఫ్ డాంగిళ్లలో పేరు చివర ‘పి’ ఉన్నది మొదటి రకం, ‘ఈ’ ఉన్నది రెండో రకం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి డాంగిల్ మీద అక్షరం చదివి రాయండి, గుర్తున్నదాన్ని బట్టి వద్దు. ‘ఈ’ అక్షరం ఉన్న డాంగిల్‌కి అంతకుముందు ఈజడ్‌ఎస్‌పీ అని రాసుకుని ఉంటే దాన్ని కూడా ఎంబర్‌గా మార్చాలి. పాత డ్రైవర్ స్థానంలో అదే వచ్చింది.

అదే చోట పోర్ట్ లైను కూడా చూడండి. టీటీవైయూఎస్‌బీ అని రాసి చివర ఒక అంకె ఉంటే, దాన్ని మార్చేయండి. ఆ అంకె హబ్ లేచినప్పుడు పంచే వరస నంబరు మాత్రమే. హబ్‌కి ఇంకో యూఎస్‌బీ పరికరం తగిలించి ఉంటే రీస్టార్ట్‌లో ఈ రోజు సున్నా ఉన్నది రేపు ఒకటి అవ్వచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, హార్డ్‌వేర్ పేజీలో డాంగిల్ మీద నొక్కితే సీరియల్, బై-ఐడీ అని పొడుగ్గా ఒక దారి కనిపిస్తుంది. డాంగిల్ పేరు, దాని సొంత నంబరు అందులోనే ఉంటాయి. అది కాపీ చేసి పోర్ట్‌లో పెడితే ఏ రంధ్రంలో గుచ్చినా పనిచేస్తుంది.

లాగ్‌లో పోర్ట్ తెరవలేకపోతున్నాననో, ఎవరో వాడుతున్నారనో అర్థం వచ్చేలా ఎర్రర్ ఉంటే సంగతి వేరు. అప్‌డేట్ తర్వాత హోమ్ అసిస్టెంట్ నోటిఫికేషన్లలో ‘కొత్త డివైస్ దొరికింది’ అని మీ డాంగిల్ పేరే చూపించి ఉండచ్చు. మంచిదే కదా అని దాన్ని ఎవరైనా నొక్కి కాన్ఫిగర్ చేశారా? అలా చేస్తే జెడ్‌హెచ్‌ఏ అనే ఇంకో జిగ్‌బీ ప్రోగ్రామ్ మొదలై అదే డాంగిల్‌ని పట్టుకుంటుంది. ఒక డాంగిల్‌ని ఒక్క ప్రోగ్రామే నడపగలదు. ఇంటిగ్రేషన్ల పేజీలో జెడ్‌హెచ్‌ఏ కనిపిస్తే తీసేసి, హబ్ రీస్టార్ట్ చేయండి. ఆ సెటప్‌లో పాత నెట్‌వర్క్‌ని ఉంచాలా, కొత్తది తయారుచేయాలా అని అడిగి ఉంటుంది. కొత్తది అన్నారా అన్నది ఇంట్లో అందరినీ మెల్లిగా అడిగి తెలుసుకోండి. కొత్తది అని ఉన్నా భయపడాల్సింది లేదు. పాత నెట్‌వర్క్ కీ, పాన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తింపు నంబరు), డివైస్‌ల జాబితా, కోఆర్డినేటర్ (అంటే డాంగిల్) బ్యాకప్ అన్నీ జిగ్‌బీ టు ఎంక్యూటీటీ ఫోల్డర్లో ఫైళ్లుగా ఉంటాయి. ఆ ఫోల్డర్ చెడకుండా ఉన్నంతవరకూ పాత నెట్‌వర్క్‌ని డాంగిల్‌లోకి తిరిగి తేవచ్చు, బల్బుల్ని మళ్లీ కలపాల్సిన పని ఉండదు. అందుకే ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆ ఫోల్డర్ని కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి.

ఒకసారి డాంగిల్ లేచాక, సగం బల్బులు వచ్చి సగం రాకపోతే మళ్లీ టెన్షన్ పడకండి. దీనికి కారణం మీ గోడ స్విచ్చులు. జిగ్‌బీలో కరెంటుతో నడిచే దాదాపు ప్రతి బల్బూ తన పని తాను చేసుకుంటూనే, పక్కవాటి మాటని హబ్ దాకా అందిస్తుంది. హాల్లో బల్బు నడవా సెన్సార్‌కి దారి కావచ్చు. ఆదివారం రాత్రి నుంచి యాప్ పనిచేయడం లేదు కాబట్టి మీరంతా గోడ స్విచ్చులతోనే లైట్లు ఆపుతున్నారు. మన ఇళ్లలో పడుకునే ముందు అన్ని స్విచ్చులూ ఆపే అలవాటు కూడా ఉంది. స్విచ్ ఆపితే బల్బుకి కరెంటే ఉండదు, దాని మీదుగా వెళ్లే దారీ ఉండదు. చాలా ఇళ్లలో హబ్ లోపం సరిచేశాక కూడా లైట్లు మొండికేయడానికి కారణం ఇదే, అప్‌డేట్ కాదు. కాబట్టి అన్ని జిగ్‌బీ బల్బుల స్విచ్చులూ వేసి, వాటిని ఒక రాత్రంతా అలాగే ఉంచండి. దారులు వాటంతటవే కుదురుకుంటాయి.

నడవా మోషన్ సెన్సార్ బ్యాటరీది కాబట్టి అది ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది, హబ్ వచ్చిన సంగతి వెంటనే తెలుసుకోదు. దాని మీద చిన్న బటన్ ఉంటుంది. ఒక్కసారి నొక్కి వదిలేయండి. చిన్న లైటు మెరిసి, కాసేపట్లో యాప్‌లో అది చివరిసారి పలికిన సమయం మారితే బతికినట్టే. ఐదు సెకన్లు అదిమి పట్టుకుంటే చాలా సెన్సార్లు రీసెట్ అవుతాయి, అది జాగ్రత్త. నొక్కినా రాకపోతే అప్పుడు దాన్ని ఒక్కదాన్నే మళ్లీ కలపండి. అది కూడా జాబితాలోంచి డిలీట్ చేయకుండా. పర్మిట్ జాయిన్ (పరికరాల్ని చేర్చుకునే అనుమతి) ఆన్ చేసి, సెన్సార్‌ని హబ్ దగ్గర కాకుండా అది ఉండే చోటే పెట్టి, పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి. ప్రతి జిగ్‌బీ పరికరానికీ ఫ్యాక్టరీలో ఇచ్చిన సొంత నంబరు ఉంటుంది. దాన్ని చూసి హబ్ పాత పేరుతోనే చేర్చుకుంటుంది. నాన్నగారి లైటుకి రాసుకున్న ఆటోమేషన్ ఏమీ మార్చకుండా మళ్లీ పనిచేస్తుంది. డిలీట్ చేస్తే ఆటోమేషన్ పట్టుకున్న లింకు తెగిపోవచ్చు, అప్పుడు లైటూ సెన్సారూ విడివిడిగా బాగానే ఉన్నా రెండూ కలిసి పనిచేయవు.

లైట్లన్నీ యాప్‌లో బాగానే వెలుగుతూ, గోడకి అంటించుకున్న వైర్‌లెస్ బటన్ మాత్రం పనిచేయకపోతే దానికీ 2.0 కారణమే కావచ్చు. బటన్ నొక్కినప్పుడు యాక్షన్ అనే సెన్సార్ విలువ మారడం చూసి నడిచేలా పాత ఆటోమేషన్లు రాసుకునేవాళ్లం. కొత్త వెర్షన్ ఆ సెన్సార్లని మామూలుగా ఇవ్వదు. ఆ ఆటోమేషన్ తెరిచి, ట్రిగ్గర్ (దాన్ని మొదలుపెట్టే సంకేతం) తీసేసి, డివైస్ అని ఎంచుకుని అదే బటన్‌ని, అదే నొక్కుడుని పెట్టండి. నిమిషాల పని.

ఇంతవరకూ మీ ఇంటికి చెప్పాను. ఇదే లక్షణంతో, కానీ తిరగేసి, అంటే జిగ్‌బీ బాగుండి వైఫై మాడ్యూళ్లు పోయినవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. మీ బెడ్‌రూములకి కూడా ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది కాబట్టి అదీ రాస్తాను. అక్కడ అప్‌డేట్ హబ్‌ది కాదు, రౌటర్‌ది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు రాత్రిపూట మనకి తెలియకుండానే రౌటర్ సాఫ్ట్‌వేర్ మార్చగలవు. విజయవాడ పటమటలో ఒక ఫ్లాట్‌లో మొత్తం వైఫై స్విచ్చులన్నీ ఒక తెల్లవారుజామున ఆగిపోయాయి. ఫోన్లు, టీవీ మామూలే. చూస్తే రౌటర్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండిటినీ ఒకే పేరు కింద కలిపేసి, వైఫై సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతికి మార్చేసింది. స్విచ్‌బోర్డు వెనక ఉండే చవక మాడ్యూళ్లలో చాలావాటికి 2.4 తప్ప తెలియదు, డబ్ల్యూపీఏ3 అసలే తెలియదు. రెండు పేర్లు విడగొట్టి, 2.4కి డబ్ల్యూపీఏ2 పెట్టగానే బోర్డుల వెనక నుంచి రిలేలు, అంటే మాడ్యూళ్లలో లైటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్చులు, టక్కు టక్కుమని ఒక్కొక్కటే లేచాయి.

ఇది నిర్ధారించుకోవడానికి మంచి పరీక్ష ఉంది. రౌటర్ ఆపేసి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి రౌటర్ పేరే, పాస్‌వర్డే పెట్టండి. అక్షరం తేడా ఉండకూడదు. హాట్‌స్పాట్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంచండి. ఐఫోన్ అయితే మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ అన్నది ఆన్ చేయాలి. రెండు మూడు నిమిషాల్లో మాడ్యూళ్లు హాట్‌స్పాట్‌కి కనెక్టయి ఫోన్లో సంఖ్య కనిపిస్తే, మాడ్యూళ్లు నిక్షేపంగా ఉన్నాయి, లోపం రౌటర్‌దే. బోర్డు విప్పకుండా, స్క్రూ ఒక్కటి కదపకుండా తేలిపోతుంది.

మాడ్యూళ్లు రౌటర్‌కి కనెక్టయి ఉండి కూడా హబ్‌కి దొరకకపోతే ఐపీ చిరునామా మారి ఉంటుంది. రౌటర్ రీసెట్ అయినా, కొత్తది పెట్టినా పాత చిరునామాలు పోతాయి. హబ్ మాత్రం ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లకి పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తున్నట్టు అక్కడే వెతుకుతుంటుంది. రౌటర్‌లో ఒక్కో మాడ్యూల్‌కి చిరునామా రిజర్వ్ చేసేస్తే ఈ బాధ ఉండదు. గెస్ట్ నెట్‌వర్క్‌లో మాడ్యూళ్లు పెట్టకండి, ఏపీ ఐసొలేషన్ ఆన్ అయి ఉంటే ఆపండి. అవి ఒక పరికరాన్ని ఇంకోదానితో మాట్లాడనివ్వవు. మ్యాటర్ అనే ప్రమాణంతో నడిచే లైట్లు ఉన్నవాళ్లు రౌటర్‌లో ఐపీవీ6 (కొత్త రకం ఐపీ చిరునామాల పద్ధతి) ఆగిపోలేదు కదా అని చూసుకోవాలి, మ్యాటర్ దాని మీదే నడుస్తుంది. తుయా కంపెనీ రకం మాడ్యూళ్లని క్లౌడ్ (కంపెనీ సర్వర్) లేకుండా లోకల్‌గా నడుపుతున్నవాళ్లు మాత్రం వాటిని యాప్‌లో తీసి మళ్లీ కలపకండి, కలిపిన ప్రతిసారీ లోకల్ కీ, అంటే వాటితో నేరుగా మాట్లాడే తాళంచెవి, మారిపోతుంది.

రౌటర్ అప్‌డేట్ జిగ్‌బీని కూడా దెబ్బతీయగలదు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి. జిగ్‌బీ టు ఎంక్యూటీటీ మామూలుగా 11వ ఛానెల్ మీద మొదలవుతుంది, అది వైఫై 1వ ఛానెల్ కిందికే వస్తుంది. పేర్లలో అంకెలు ఒకటే ఉన్నా ఇవి వేర్వేరు లెక్కలు. రౌటర్ ఆటోలో ఉండి 1కి జరిగితే లైట్లు పూర్తిగా పోవు, ఆలస్యంగా పలుకుతాయి, ఒక్కోసారి పలకవు. ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉండే బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో పక్కింటి వైఫైలు కూడా తోడవుతాయి. జిగ్‌బీ ఛానెల్ మార్చే సాహసం చేయకండి. రౌటర్‌లో ఆటో తీసేసి వైఫై ఛానెల్ 11 పెట్టండి, రెండిటికీ మధ్య కావాల్సినంత దూరం వస్తుంది. అలాగే డాంగిల్‌ని రాస్ప్‌బెర్రీ పై మీద నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో నేరుగా గుచ్చకండి. యూఎస్‌బీ 3 వెదజల్లే రేడియో రొద కూడా ఇదే 2.4లో పడుతుంది. నలుపు రంధ్రంలో, మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి.

మీ ఎలక్ట్రీషియన్‌ని తప్పుపట్టాల్సింది లేదు, ఆయన పని వైరింగు. ఆయన అవసరం ఎప్పుడో కూడా చెప్తాను. యాప్‌లో నొక్కినప్పుడు బోర్డు వెనక రిలే టక్కుమంటోంది, లైటు మాత్రం వెలగడం లేదు అంటే సాఫ్ట్‌వేర్ తన పని చేసింది. అప్పుడు బల్బో, రిలే కాంటాక్టో, వదులైన వైరో. ఎంసీబీ ఆపించి, టెస్టర్‌తో చూసి, ఆ తర్వాతే బోర్డు విప్పించండి. 230 వోల్టుల పని మీరు చేయకండి.

ఇవన్నీ చేసినా జిగ్‌బీ లేవకపోతే, అప్‌డేట్‌కి ముందు తీసిన బ్యాకప్ ఉందేమో చూడండి. యాడ్-ఆన్ అప్‌డేట్ చేసేటప్పుడు బ్యాకప్ తీసుకోమనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే అది సెట్టింగ్స్, సిస్టమ్, బ్యాకప్స్‌లో ఉంటుంది. మొత్తం రీస్టోర్ చేయక్కర్లేదు. జిగ్‌బీ టు ఎంక్యూటీటీ ఒక్కటే ఎంచుకుంటే పాత వెర్షన్ తిరిగొస్తుంది. లైట్లు వెలుగుతుండగా తీరిగ్గా అడాప్టర్ లైను సరిచేసుకుని మళ్లీ పైకి వెళ్లచ్చు.

ఇకపై అన్ని అప్‌డేట్లూ ఒకేసారి నొక్కకండి. ఒకటి నొక్కి, లైట్లు చూసి, మర్నాడు ఇంకోటి. హోమ్ అసిస్టెంట్ కొత్త వెర్షన్ నెలకోసారి, సాధారణంగా మొదటి బుధవారం వస్తుంది. తర్వాతి వారాల్లో దానికి చిన్న సవరణలు వస్తుంటాయి. రెండో మూడో సవరణ దాకా ఆగితే పోయేదేమీ లేదు. విడుదల వివరాల్లో పాతవాటితో పొసగని మార్పులు అన్న భాగం ఉంటుంది, కనీసం అదొక్కటి చదవండి. రాత్రిపూట అసలు వద్దు. ఎండాకాలం సాయంత్రాలు కూడా వద్దు, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మెమరీ కార్డు పాడవచ్చు. హబ్‌నీ రౌటర్‌నీ ఇన్వర్టర్ లైన్లోకి మార్పించుకోండి. రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పాత ఫోన్ ఛార్జర్‌తో నడుపుతుంటే ఈ వారమే మార్చండి.

ప్రస్తుతానికి మీరు లాగ్‌లో ఆ మొదటి ఎర్రర్ లైను, డాంగిల్ మీద ఉన్న పేరు చివరి అక్షరంతో సహా, జిగ్‌బీ టు ఎంక్యూటీటీ వెర్షన్ నంబరు, ఈ మూడూ రాయండి. సీరియల్ విభాగంలో ఏ లైను ఎలా ఉండాలో నేను అక్షరం అక్షరం రాసిస్తాను. ఈలోగా ఏ బల్బునీ డిలీట్ చేయకండి, నెట్‌వర్క్ కీ ఉన్న పేజీని మాత్రం స్క్రీన్‌షాట్ తీసి ఎక్కడా పెట్టకండి.